పాటతో పని ఉన్నవాళ్లు
(బాలాంత్రపు రజనీకాంతరావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)

రజనీకాంతరావు గారిని తలచుకునే సభలో ఆయన కట్టిన బాణీల గురించో, 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' గురించో వింటామని మీరు వచ్చి ఉంటారు. ఆ రెండింటి గురించీ నాకంటే బాగా చెప్పగలవారు ఈ ముందు వరసల్లోనే ఉన్నారు. నేను ఎంచుకున్న విషయం కాస్త వ్యాపారం వాసన వేసేది: తెలుగులో ఇవాళ ఒక సంగీత మాసపత్రిక పెట్టదలిస్తే, దాన్ని కొని చదివేవాళ్లెవరో ముందుగా కనుక్కోవడం ఎలా? ఆయన పేరిట జరిగే సభలో ఈ మాట ఎత్తడానికి కారణం లేకపోలేదు. ఆయన ఉద్యోగ జీవితం ఆకాశవాణిలో గడిచింది. విజయవాడ కేంద్రం పొద్దుటి భక్తిరంజనితో ఆయన పేరు ముడిపడిపోయింది. ఎదుట మనిషి లేని గదిలో కూర్చుని, ఎక్కడో వింటున్న వాళ్ల కోసం పాట కట్టే వృత్తి అది. సంపాదకుడి పరిస్థితీ ఇంచుమించు అంతే. కాకపోతే ఒక చిక్కు ఎక్కువ. రేడియో శ్రోత మీట తిప్పి ఊరుకుంటాడు. పత్రిక పాఠకుడు నెలనెలా జేబులో చెయ్యి పెట్టాలి.

పత్రిక పెట్టాలనుకునేవాళ్లు మొదట వేసే లెక్క అందరికీ తెలిసిందే. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 8 కోట్ల 11 లక్షల మంది. పాట నచ్చని తెలుగువాడు ఉండడు. పదివేల మందిలో ఒక్కరు చందా కట్టినా ఎనిమిది వేల కాపీలు ఖాయం. గుణకారంలో తప్పు లేదు. ఆ 'ఒక్కరు' ఎక్కడినుంచి ఊడిపడ్డారన్నదే ఎవరూ చెప్పరు. పదివేలకు ఒకరని ఎందుకనుకోవాలి, లక్షకు ఒకరని ఎందుకనుకోకూడదు? లక్షకు ఒకరైతే ఎనిమిది వందల చందాలు. ఆ డబ్బు కాగితానికీ ప్రెస్సు బిల్లుకూ కూడా సరిపోదు. ఎనిమిది వేలకూ ఎనిమిది వందలకూ మధ్య ఉన్న ఆ దూరంలోనే పత్రిక బతుకుతుందా పోతుందా అన్నది తేలుతుంది. పాఠక పరిశోధన చేయవలసిన పనల్లా ఆ దూరాన్ని తగ్గించడం. సంగీతం ఇష్టమా అని అడిగితే అది తగ్గదు, ఎందుకంటే ఇష్టం లేదనేవాడు దొరకడు. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్న ఎవరినీ వేరుచేయలేదు. పాటతో పని పడినవాళ్లెవరు, ఆ పని కోసం వాళ్లు ఇప్పటికే ఏం చేస్తున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అని అడిగితే తగ్గుతుంది. ఇవాళ నా వాదమంతా ఇదే.

సంగీతం విషయంలో జనం మాట తెలుసుకోవడానికి మన దేశంలో చాలాకాలం వాడిన సాధనం ఉత్తరం. సినిమా పాటలు కోరుతూ రేడియో సిలోనుకూ, తర్వాత వివిధభారతికీ వచ్చిన కార్డుల్లో ఝుమ్రీ తలైయా అనే ఊరి పేరు ఎంత తరచుగా వినిపించేదంటే, అలాంటి ఊరు నిజంగా ఉందా అని ఉత్తరాది శ్రోతలు అనుమానపడేవారు. ఉంది. ఇప్పటి ఝార్ఖండ్‌లో అభ్రకం గనుల ప్రాంతపు చిన్న పట్టణం అది. దేశంలో అందరికంటే ఎక్కువ పాటలు వినేవాళ్లు అక్కడే ఉన్నారని ఆ కార్డుల్ని బట్టి తేల్చేయగలమా? ఆ ఊళ్లో కార్డు రాయడం ఒక పోటీ అయింది, పేరు రేడియోలో వినిపించడం ఒక సంబరం అయింది. కోరిన పాటలు వేసే మన జనరంజని వినేవాళ్లకూ ఈ సంగతి కొత్త కాదు. పాట వేసే ముందు ఒకే ఊరి నుంచి ఇంటిల్లిపాది పేర్లూ, ఆ వెనక స్నేహితుల పేర్లూ అనౌన్సరు గుక్కతిప్పుకోకుండా చదివేవారు. అందులో ఎంతమంది ఆ పాట కోరారో, ఎంతమంది తమ పేరు కోరారో ఆ కార్డు చెప్పదు. ఉత్తరం రాసినవాడు ఉత్సాహవంతుడని మాత్రమే చెబుతుంది. పత్రికకు మొదటి నెలలో వచ్చే అభినందన లేఖలూ, ఫోన్లో వచ్చే మెచ్చుకోళ్లూ ఇదే కోవలోవి. వాటిని దాచుకోవచ్చు, లెక్కలోకి తీసుకోకూడదు.

ఎక్కువమందిని అడిగితే ఈ దోషం పోతుందని ఒక నమ్మకం ఉంది. అది తప్పని అమెరికాలో ఒక పత్రికే తన ప్రాణం మీదికి తెచ్చుకుని నిరూపించింది. 1936 అధ్యక్ష ఎన్నికలకు ముందు 'లిటరరీ డైజెస్ట్' సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్వెల్ట్ మీద లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్‌కు దక్కాయి. చిరునామాలు తీసింది టెలిఫోను డైరెక్టరీలనుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ల జాబితాలనుంచీ. పైగా తిరిగి పంపేంత పట్టుదల ఉన్నవాళ్లే తిరిగి పంపారు. రెండేళ్లలో ఆ పత్రిక మూతపడింది. అంతకంటే ఎంతో తక్కువ మందిని, కానీ పద్ధతిగా ఎంచుకుని అడిగిన గాలప్ మాత్రం నిలబడ్డాడు.

సంగీతానికి మరో చిక్కు ఉంది, ఎన్నికలకు లేనిది. నచ్చిన పాట పేరు చెప్పడమంటే తానెవరో చెప్పుకోవడం. ఫ్రాన్సులో సమాజశాస్త్రవేత్త పియర్ బూర్దియూ 1963లోనూ, మళ్లీ 1967–68లోనూ సుమారు పన్నెండు వందల మందిని అడిగి, ఆ జవాబుల ఆధారంగా 1979లో అభిరుచుల మీద పెద్ద పుస్తకం రాశాడు. బాఖ్ 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' ఎంచుకునేవారి చదువూ కుటుంబ నేపథ్యమూ ఒకలా, 'బ్లూ డాన్యూబ్' ఎంచుకునేవారివి మరోలా ఉన్నాయని చూపాడు. ఆయన తేల్చినదానితో అన్నివిధాలా ఏకీభవించనక్కర్లేదు. ప్రశ్నలు తయారుచేసేవాడు అందులోంచి తీసుకోవలసిన హెచ్చరిక ఒకటుంది: అభిరుచి గురించి అడిగితే వచ్చే జవాబులో పరువు కలిసి ఉంటుంది. మన దగ్గర దీనికి మొహమాటం కూడా తోడవుతుంది. క్లిప్‌బోర్డు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ అమ్మాయితో "త్యాగరాజ కీర్తనలంటే ప్రాణమండీ" అన్న పెద్దమనిషి, ఆ నెలలో ఒక్కటి కూడా వినకపోయి ఉండవచ్చు. ఆయన అబద్ధమాడలేదు. తన ఇంట్లో గౌరవమున్న సంగీతమేదో చెప్పాడు. "ఇలాంటి పత్రిక వస్తే కొంటారా?" అంటే "తప్పకుండా కొంటామండీ" అంటాడు, గుమ్మంలోకి వచ్చిన మనిషిని కాదని పంపడం మన మర్యాద కాదు గనుక.

అడిగితే ఇన్ని తంటాలు ఉన్నప్పుడు అసలు అడగడమెందుకు, తెలిసినవాళ్లు నిర్ణయిస్తే పోలేదా అన్న మాట వస్తుంది. మన ప్రసార చరిత్రలోనే దానికి జవాబుంది. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు వినబడకుండా పోయింది. ఆయన ఉద్దేశాన్ని వెక్కిరించడం తేలిక. నేను ఆ పని చేయను. జాతీయ సంగీత కార్యక్రమం ఆ ఏడాదే మొదలైంది. ఎందరో విద్వాంసులకు ఆ దశకంలో రేడియో అన్నం పెట్టింది. అయితే శ్రోత శాస్త్రీయ సంగీతం వైపు తిరిగాడా? మీటను రేడియో సిలోను వైపు తిప్పాడు. అయిదేళ్లు దాటేసరికి, 1957 అక్టోబరు 3న ప్రభుత్వమే వివిధభారతిని ప్రారంభించవలసి వచ్చింది. జనానికి ఏది మంచిదో తెలిసినవాళ్లు, జనం ఏం చేస్తున్నారో చూడలేదు.

అదే ఆకాశవాణిలో దీనికి భిన్నమైన దారి కూడా ఉండేది. సినిమా పాటా కచేరీయా అన్న పోటీ లేకుండా, పాడాలనుకునేవాడికి పాట నేర్పిన దారి. విజయవాడ కేంద్రం నుంచి ఓలేటి వెంకటేశ్వర్లు గారు నడిపిన సంగీత శిక్షణను గుర్తుచేసుకోండి. గురువుగారు ఒక సంగతి పాడతారు, ఎదురుగా ఉన్న శిష్యులు అనుసరిస్తారు, రేడియో ముందు కూర్చున్నవాళ్లు నోటుబుక్కులో సాహిత్యం రాసుకుంటూ మెల్లగా అంటారు. ఆ నోటుబుక్కు పెట్టుకున్న మనిషిని చూడండి. సంగీతం ఇష్టపడే కోట్ల మందిలోంచి ఆమెను వేరుచేసే గుర్తు అదొక్కటే. ఆమెకు పాటతో పని ఉంది. సాహిత్యం సరిగ్గా కావాలి, స్వరం కావాలి, చరణంలో ఆ మాటకు అర్థం కావాలి, శ్రావణ శుక్రవారం నాడు నలుగురిలో తప్పు పోకుండా పాడాలి. సంగీత పత్రికకు తొలి పాఠకురాలు ఆమె.

ఇవాళ అలాంటివాళ్లు ఎక్కడున్నారు? ఇక్కడ పరిశోధకుడి కళ్లు సంగీత సభల టికెట్లు కొనేవాళ్ల దగ్గరే ఆగిపోతాయి. అక్కడ ఆగితే సగం లోకం కనపడదు. విజయనగరంలో 1919లో పెట్టిన, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా ఉన్న సంగీత కళాశాల మొదలుకుని, ప్రభుత్వ కళాశాలల్లోనూ ఇళ్లలోనూ నేర్చుకునే పిల్లలు ఉన్నారు. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు వాళ్లకు లక్షణ పాఠాలు కావాలి. ఆ పిల్లల తల్లిదండ్రులున్నారు. 1996లో మొదలైన 'పాడుతా తీయగా' తర్వాత టీవీ పోటీ అన్నది మధ్యతరగతి ఇంట్లో ఒక లక్ష్యమైపోయింది, ఫీజు కట్టేదీ బండి మీద తీసుకెళ్లేదీ వాళ్లే. భజన మండళ్లున్నాయి. 2009లో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో అన్నమయ్య లక్షగళార్చనకు లక్షకు పైగా గొంతులు కలిశాయంటే, వాళ్లంతా ఏ సభలోనూ సభ్యులై ఉండరు, కానీ అక్కడ పాడిన ఏడు కీర్తనలూ ఎక్కడో ఒకచోట కూర్చుని సాధన చేసి వచ్చినవాళ్లు. చిలకలూరిపేట చుట్టుపక్కల నాదస్వర కుటుంబాలున్నాయి. కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి పేరు వాళ్ల ఇళ్లల్లో ఇంకా పాఠమే. పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాళ్లున్నారు. రాత్రికి ఏ నటుడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో పొద్దున్నే తెలియాలి వాళ్లకు. తెలంగాణలో జానపదాలు కట్టి, పాడి, ఇంటి వెనక గదిలోనే రికార్డు చేసి జనంలోకి వదిలే కుర్రవాళ్లున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంప్రదాయానికి పురుషోత్తమ చౌదరి నాటినుంచీ దాదాపు రెండు వందల ఏళ్ల వయసుంది. ఇవాళ ప్రతి ఆదివారం ఎన్నో ఊళ్లలో సాధన చేసి పాడే బృందాలు చర్చిల్లో ఉన్నాయి. మన సంగీత రచనలో వాళ్ల ఊసు లేకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. క్రమం తప్పకుండా వారం వారం కొత్త పాట నేర్చుకునే తెలుగువాళ్లలో వాళ్లది పెద్ద గుంపు కావచ్చు. అవునా కాదా అన్నది పరిశోధన తేల్చాలి.

ఇప్పుడు పద్ధతి గురించి. రెండు రాష్ట్రాల్లో ఓటర్ల జాబితా పట్టుకుని లాటరీ తీసి 400 మందిని అడిగితే, వచ్చే శాతం చాలావరకు అసలు శాతానికి అయిదు అటూ ఇటూగా ఉంటుందని గణాంకశాస్త్రం చెబుతుంది. ఎన్నికలకు అది కొంత పనికొస్తుంది. పదివేలకు ఒకరుండే మనిషిని 400 మందిలో వెతికితే సున్నా వస్తుంది. పెద్ద దినపత్రికలను కొలిచే పాఠక సర్వేలు చిన్న పత్రికను చూడలేకపోవడానికి కారణం ఇదే. అందుకని మనుషుల జాబితాకు బదులు చోట్ల జాబితా తయారుచేయాలి: కళాశాలలు, ఇళ్లలో పాఠం చెప్పేవారు, వాయిద్యాల దుకాణాలు, మరమ్మతు కొట్లు, భజన మండళ్లు, చర్చి బృందాలు, నాటక సమాజాలు, పోటీలు జరిగే వేదికలు. ఒక జిల్లాలో ఇలా రాసుకుంటూ పోతే నెల పట్టవచ్చు. ఆ జాబితాలోంచి లాటరీ తీసి కొన్ని చోట్లు ఎంచుకుని, అక్కడ ఆ రోజు దొరికిన ప్రతివాళ్లనూ అడగాలి, మాటకారులను మాత్రమే కాదు. ఎక్కువ చోట్లకు తిరిగేవాడు ఎక్కువసార్లు తగులుతాడు గనుక, ఎన్ని చోట్లకు వెళ్తారని కూడా అడిగి లెక్క సరిచేయాలి.

అడిగే ప్రశ్న పనినీ, రోజునూ, రూపాయినీ పట్టుకోవాలి. "మీకు ఏ సంగీతం ఇష్టం?" బదులు "గడచిన ఏడు రోజుల్లో ఏ పాటైనా వెతికి మరీ విన్నారా? ఎందుకు?" అని. "సంగీత పుస్తకాలు చదువుతారా?" బదులు "మీ దగ్గరున్న సంగీత పుస్తకం ఒకటి చూపిస్తారా?" అని. ఆ పుస్తకం బయటికొస్తే సగం కథ అదే చెబుతుంది: ఏ పేజీ నలిగింది, ఏ కీర్తన పక్కన పెన్సిలుతో శ్రుతి రాసుకున్నారు, ఎక్కడ జిరాక్సు కాగితం అతికించారు. కీబోర్డు వాయించే కుర్రవాణ్ని "ఆఖరుసారి ఎక్కడ ఆగిపోయారు, అప్పుడెవరినడిగారు?" అంటే, పాడేవాడు శ్రుతి మార్చినప్పుడల్లా ట్రాన్స్‌పోజ్ బటను నొక్కి నెట్టుకొస్తున్నాననీ, రాగం పేరు చెప్పమంటే తెలియదనీ, తనకంటే పెద్ద వాయిద్యగాడికి ఫోను చేస్తాననీ చెప్పవచ్చు. అది పత్రికలో ఒక శీర్షికకు సరిపడే జవాబు. ఇలాంటి తీరిక సంభాషణలు ముందు ముప్పయ్యో నలభయ్యో జరిగితే తప్ప, నాలుగు వందల మందికి ఏ ప్రశ్నలు వేయాలో తెలియదు. ఈ వరస తిరగేసి, ముందు ప్రశ్నావళి అచ్చేసుకుని బయలుదేరడం మన సర్వేలకున్న పాత జబ్బు.

అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. గొప్ప పత్రికలు సర్వేలు చేసి పుట్టలేదన్నది మొదటిది. నిజమే. 1983లో మద్రాసులో ఎన్. పట్టాభిరామన్ గారు ఇంగ్లీషులో 'శ్రుతి' పెట్టింది ఒక పట్టుదలతో. అయితే డిసెంబరు కచేరీల చుట్టూ పాడేవాళ్లూ నేర్పేవాళ్లూ రసికులూ ఒకే ఊళ్లో కూడి ఉన్న సమూహం అక్కడ ముందే ఉంది. ఆయన అందులోనే తిరుగుతున్న మనిషి. అలాంటి ఒక్క ఊరు తెలుగుకు లేదు. మన పాఠకులు విజయనగరం నుంచి వరంగల్ దాకా, అక్కణ్నుంచి ఆన్‌లైన్లో పిల్లలకు పాఠాలు పెట్టిస్తున్న విదేశాల ఇళ్ల దాకా చెదిరి ఉన్నారు. అమెరికాలో 'రోలింగ్ స్టోన్' కూడా సంపాదకుడి నమ్మకంతోనే 1967 నవంబరులో వచ్చింది. తొలి సంచిక 40 వేలు వేస్తే 34 వేలు తిరిగొచ్చాయని దాని చరిత్ర చెబుతుంది. తిరిగొచ్చిన కాపీ కూడా పరిశోధనే, చాలా ఖరీదైన పరిశోధన. అది తట్టుకోగల స్తోమత ఉన్నవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

ఫోన్లలో ఎవరు ఏం వింటున్నారో అంకెలు అరచేతిలో ఉండగా మనుషుల్ని అడగడమెందుకన్నది రెండోది, ఈ తరం మాట. ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలో శాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో చూపించారు. ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా వినిపించారు. కొందరికి ఇతరులు ఏ పాటను ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారో కనపడదు; మిగతావాళ్లను ఒకరితో ఒకరికి సంబంధం లేని ఎనిమిది గుంపులు చేసి, వాళ్ల గుంపు అంకెలు వాళ్లకు కనపడేలా చేశారు. ఒక గుంపులో నెత్తికెక్కించుకున్న పాట మరో గుంపులో మధ్యలో ఎక్కడో పడి ఉంది. మరీ మంచివి అరుదుగా తప్ప మరీ కిందికి పోలేదు, మరీ చెడ్డవి అరుదుగా తప్ప పైకి రాలేదు. తక్కినవాటికి ఏదైనా జరగవచ్చని తేలింది. అంటే వ్యూస్ అంకెలో మనిషి ఇష్టం కంటే ముందు చూసినవాళ్ల సంఖ్య ఎక్కువగా కనపడుతుంది. పోనీ అది నిఖార్సయిన ఇష్టమే అనుకుందాం. కోటిమంది విన్న పాట గురించి నాలుగు పేజీలు చదివేవాళ్లు ఎంతమంది? ఆ అంకెలో దానికి జవాబు లేదు. సినిమాహాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్ముడైన కాలంలో కొన్నవాడికి పాడుకోవాలన్న పని ఉండేది. సాహిత్యం ఫోన్లోకి రాగానే ఆ పని తీరిపోయింది, పుస్తకమూ పోయింది. ఫోను ఇంకా తీర్చలేని పనులేమిటో అడిగి తెలుసుకోవలసిందే.

మూడో అభ్యంతరం కాస్త బరువైనది: జనాన్ని అడగడం మొదలుపెడితే పత్రిక జనం కోరినదానికి దిగజారుతుంది. పరిశోధనను ఓటింగ్ అనుకుంటేనే ఈ భయం. బీబీసీ 1936లో రాబర్ట్ సిల్వీ చేతికి శ్రోతల పరిశోధన అప్పగించింది. పదేళ్లకు, 1946లో, గంభీరమైన సంగీతం, సాహిత్యం కోసం థర్డ్ ప్రోగ్రామ్ ప్రారంభించింది. దానికి శ్రోతలు చాలా కొద్దిమందని ఆ పరిశోధనే చెబుతూ వచ్చింది. తెలిసే నడిపారు. 1957లో వేళలు కుదించిన మాట వాస్తవమే, దాని మీద పెద్ద గొడవా జరిగింది. ఆ గొడవలో రెండు పక్షాలకూ ఎంతమంది వింటున్నారో తెలుసు. ఎంతమందికి రాస్తున్నామో తెలిసి తక్కువమందికి రాయడం సంపాదకుడి హక్కు. తెలియకుండా రాసి, రెండేళ్లకు మూసేసి, తెలుగువాళ్లకు అభిరుచి లేదని నిష్ఠూరమాడటం మాత్రం అన్యాయం. అప్పటికి మూడు నెలల చందా కట్టినవాడి గతి ఏమిటి?

ఆ చందాదారుడి దగ్గరికే వస్తాను, ఎందుకంటే పరిశోధనలో ఆఖరి మెట్టు అతనే. సంభాషణలూ ప్రశ్నావళీ అయ్యాక ముప్పై రెండు పేజీల నమూనా సంచిక ఒకటి అచ్చువేయాలి, వెనక అట్ట మీద ధర వేసి. దాన్ని చేతికిచ్చి నచ్చిందా అని అడగకూడదు. ఆరు నెలల చందా ఇప్పుడే కడతారా అని అడగాలి. మొహమాటం నోటి దాకా వస్తుంది గానీ జేబు దాకా రాదు. కట్టినవాళ్లు ఏ చోటివాళ్లో చోటువారీగా రాసుకోవాలి, కట్టనివాళ్లు ఏ పేజీ దగ్గర మూసేశారో కూడా. ఇదంతా మొదలుపెట్టక ముందే, ఎన్ని చందాలు రాకపోతే పత్రిక పెట్టమో ఆ అంకె కాగితం మీద రాసి, సంపాదకవర్గం అందరూ సంతకం పెట్టాలి. జవాబు వచ్చాక అంకె నిర్ణయించుకుంటే, వచ్చిన అంకే సరైనదిగా కనపడుతుంది. ఆ అంకె చేరకపోతే కట్టినవాళ్లందరి డబ్బూ తిరిగి పంపాలి. పంపడానికయ్యే ఖర్చును బడ్జెట్లో ఆఖర్న చిల్లర ఖర్చుల కింద కాకుండా, మొదటి పద్దుగా, కాగితం ధర కంటే ముందు వేసుకోవాలి.